కొసల నుంచి దువ్వు

నాన్నా, నేను బాగానే ఉన్నాను, నా మీద బెంగ వద్దు.

చెల్లి ఉంగరాల జుట్టు కావాలందని చవక కర్లర్ కొన్నావట. అది వాడకు. నిన్న అలాంటిదే వాడిన ఒకావిడ మా పార్లర్‌కొచ్చింది. దువ్వుతుంటే సగం జుట్టు విరిగి నా చేతికొచ్చింది. "మళ్లీ అతుకుతుందా?" అనడిగింది.

తడి జుట్టుకు పాత నూలుగుడ్డ పీలికలు చుట్టి, ఆరాక విప్పు. పైసా ఖర్చుండదు.

కుళాయి బాగుచేయించావా? మాత్రలు మానకు.

అమ్మ పోయాక చెల్లి తల ముట్టుకోనివ్వడం లేదన్నావు. నువ్వు కుదుళ్ల నుంచి లాగుతావు. కొసల దగ్గర మొదలుపెట్టి పైకి రా, అమ్మ అలాగే దువ్వేది.

చిట్టిదానికి ముద్దులు. చిక్కంతా పోయాక కూడా అది ఏడుస్తుంటే దువ్వడం ఆపకు నాన్నా. ఆ ఏడుపు దువ్వెన వల్ల కాదు.

నీ పెద్దది