రంగప్ప మోటారు సైకిలులో సద్దు

కోవిల్‌పట్టి,
1934, ఆవణి నెల.

చిరంజీవి బావమరిది గురుసామికి బావ రంగప్ప దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ అక్క అళగమ్మాళ్, గొడ్డూగోదా అందరం క్షేమం, మోటారు సైకిలు తప్ప.

సంగతి నీకు తెలిసిందే. జోడెద్దుల్లో తెల్లోణ్ణి సాత్తూరు అగ్గిపెట్టెల మాడసామికి ఇచ్చి అతని మోటారు సైకిలు తీసుకున్నాను. మన వాడుక ప్రకారం తెల్లోడి తాడూ గంటా మాత్రం ఇవ్వలేదు. అవి కూడా పోతే కొట్టంలో కళ ఉండదు కదా. ఈ నల్లరేగడి ఊళ్లన్నిటిలో మోటారు సైకిలెక్కిన సేద్యపు సంసారిని నేనొక్కణ్ణే. మీ అక్క మాత్రం ఆనాటి నుంచి నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది.

కొన్నాళ్లు బండి బాగానే నడిచింది. ఇప్పుడు సద్దు మొదలైంది. ఎడమ చేతి పిడి వదిలీ వదలగానే బండి ముందుకు దూకుతుంది చూడు, అప్పుడు లోపలెక్కడో గల్లుమంటుంది. గుంటలో పడితే మళ్లీ గల్లు. మీ అక్క ఒప్పందం పెట్టింది: "తొలివాన పడేలోపల ఆ సద్దు నిలిపితే నీ మోటారు వండి వుండనీ. లేకుంటే దాన్ని సాత్తూరులో విడిచి నా తెల్లోణ్ణి తోలుకొని రా." మాడసామి కూడా అందుకు సరేనన్నాడు. నువ్వు విరుదునగర్ మోటారు షెడ్డులో పనిచేసే మొనగాడివి. నా పరువు ఇక నీ చేతిలో ఉంది.

ఇట్లు, గల్లుమంటున్న నీ బావ,
రంగప్ప.

తా.క. పొగ నల్లగా వస్తోంది. అది జబ్బా, బలమా?

*

విరుదునగర్.

మహారాజశ్రీ బావగారికి గురుసామి నమస్కారాలు. మీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. ఇది క్లచ్చి జబ్బే, సందేహం లేదు. క్లచ్చి అంటే ఇంజనునూ వెనక చక్రాన్నీ కలిపి విడదీసే పళ్ళేల దొంతర. పళ్ళేల మధ్య బెండు ముక్కలుంటాయి. అవి అరిగితే పళ్ళేలు గలగలమంటాయి.

ఒక గట్టి పుల్ల తీసుకుని ఒక కొన క్లచ్చి డబ్బాకు, రెండో కొన చెవికి ఆనించండి. పిడి నొక్కి ఒకసారి, వదిలి ఒకసారి వినండి. విన్నది విన్నట్టు రాయండి.

అక్కకు నా దండాలతో,
గురుసామి.

తా.క. నల్లపొగ జబ్బే బావగారూ.

*

కోవిల్‌పట్టి.

చిరంజీవి గురుసామికి దీవెనలు. పుల్ల అన్నావు, నేను రోకలి పెట్టాను. ఊరంతా వరసకట్టి విన్నారు. వీరసామి తాత చెవి ఆనించి, "లోపల ఎవడో తుమ్ముతుండాడు, మిరియాల కషాయం పోయండి" అన్నాడు. పక్కింటి చిన్నతాయి వాన ఎప్పుడని బండినే అడిగింది. బండి నిలబడి ఉన్నంతసేపూ నాకు గల్లు మాత్రం వినబడలేదు.

అరిగిందన్నావు కదా అని డబ్బా మూత తీసి, ఎద్దుల బండి ఇరుసుకు పెట్టే కందెన, అదే ఆముదంలో కలిపిన గడ్డిమసి, రెండు చేతులా పూశాను. ఇప్పుడు ఇంజను హోరెత్తిపోతోంది, బండి జానెడు కదలదు. చివరికి ఇంజను ఆపి, పొలం దగ్గర నుంచి ఇంటిదాకా జోడులో మిగిలిన మచ్చోణ్ణి కట్టి లాగించాను. తెల్లోడు పోయినప్పటి నుంచి దిగాలుగా ఉన్న ఎద్దు, ఆ రోజు ఎంత హుషారుగా లాగిందో! దారి పొడుగునా గల్లు మాత్రం మానలేదు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టుంది నా బాధ.

నీ బావ,
రంగప్ప.

తా.క. రోకలికి మసి అంటింది. దంచిన పిండి నల్లగా వచ్చింది. మీ అక్క దాని గురించి కూడా ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది.

*

విరుదునగర్.

బావగారికి నమస్కారాలు, కోపంతో. క్లచ్చి పట్టుకునేదే రాపిడితో. కందెన పూస్తే జారక ఏం చేస్తుంది? కమ్మరి గోపాలసామి చేత పెట్రోలుతో కడిగించి ఆరబెట్టండి. మీరు మాత్రం దాని మీద చెయ్యి వేయకండి, మా నాన్న మీద ఒట్టు.

అయితే మీ మచ్చోడు నాకొక మేలు చేశాడు. ఇంజను ఆగి ఉండగా లాగినా గల్లుమందంటే జబ్బు ఇంజనులో లేదు, క్లచ్చిలోనూ లేదు. వెనక గొలుసులో ఉంది. కొత్త గొలుసు బస్సులో పంపుతున్నాను. దీనితో సద్దు నిలవకపోతే నా పేరు మార్చుకుంటాను.

గురుసామి.

తా.క. అక్క ఏమంటోంది? ఆమె మౌనంగా ఉండటం నేను పుట్టాక చూడలేదు.

*

కోవిల్‌పట్టి.

చిరంజీవికి దీవెనలు. నీకు ఏ పేరు పెట్టమంటావు?

క్లచ్చి పట్టుకుంటోంది. కొత్త గొలుసు వేశారు. సద్దు మాత్రం పాతదే. సాత్తూరు వెళితే మాడసామి విని, "నా తావున వున్నప్పుడు ఇట్లా పాడలేదే!" అని కుళ్లుకున్నాడు. మీ అక్క ప్రతి శుక్రవారం బండిని కడిగి పసుపూ కుంకుమా పెడుతుంది, సద్దు గురించి నోరు విప్పదు. సాయంత్రం మాత్రం సందు మొదట్లో ఇంజను ఆపి తోసుకుని రమ్మంటుంది. నేను గల్లు గల్లుమంటూ తోసుకొస్తే, మచ్చోడు మెడ నిక్కించి చూసి, అప్పుడు గడ్డిలో మూతి పెడతాడు. మోటారు గొప్పతనం ఎద్దుకు తెలిసింది, నీ తోబుట్టువుకు తెలియలేదు.

పడమట మబ్బు పట్టింది. నాకు అన్నం సయించడం లేదు.

రంగప్ప.

తా.క. పాత గొలుసు బావిలో నీళ్లు చేదే బాన మెడకు కట్టాం. ఎంత నిశ్శబ్దంగా ఉందో!

*

విరుదునగర్.

బావగారికి, పేరు పోగొట్టుకున్న బావమరిది నమస్కారాలు. పళ్లచక్రమో, బేరింగో, లేక మా మేస్త్రి అంటున్నట్టు, "దిష్టి తగిలుండాది, నిమ్మకాయ కట్టు" అనేదో, నాకేమీ తెలియడం లేదు. నేనే బయలుదేరి వస్తున్నాను. అంతవరకు బండిని తిరిగి ఇచ్చేయకండి.

మీవాడు.

తా.క. ఏమైనా నిమ్మకాయ కట్టండి.

*

కోవిల్‌పట్టి.

చిరంజీవి గురుసామికి దీవెనలు. నువ్వు రావద్దు. సద్దు నిలిచింది.

సాత్తూరు దారిలో పెద్ద గుంటలో పడ్డాను. లేచి చూస్తే బండి పక్కన తెల్లోడి గంట పడి ఉంది. సీటు కింద స్ప్రింగుల మధ్య తెగిన తాడు వేలాడుతోంది. బండి కడిగేది మీ అక్క, విప్పేది గోపాలసామి. సీటు కిందికి నేనెన్నడు వంగి చూశాను? గోపాలసామిని అడిగితే, "ఎద్దుకు గంట వుండాది, వండికి వుండదా అనుకుంటిని" అన్నాడు.

పందెం గెలిచానని సందులోకి సద్దు లేకుండా తోసుకొచ్చాను. మచ్చోడు సందు వైపు చూసి చూసి తల వంచుకున్నాడు. వేసిన గడ్డి వేసినట్టే ఉంది. మీ అక్క వాడి గంగడోలు నిమురుతూ అంది: "జోడు పోయిన నాడు నుంచి ఈ నోరులేని జీవం గడ్డి కొరకలే. పొద్దు గూకినాక ఆ గంట ఇల్లు చేరితేనే దీనికి తిండి దిగేది. ఇంటికి వచ్చేది నీ వండి ఒకటేగా, దానికే కట్టినాను. పందెం కోసరం కాదయ్యా. నువ్వు గెలిచినావు, వండి వుంచుకో."

గురుసామీ, గెలిచినందుకు నాకంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. మోటారును చూసి మురిసిపోయిందనుకున్నాను ఎద్దు! మర్నాడే సాత్తూరు వెళ్లి బండి అప్పగించి, తెల్లోడి మెడలో గంట కట్టి నడిపించుకొచ్చాను. దారిలోనే తొలివాన అందుకుంది. సందు మొదట్లో గంట వినగానే కొట్టంలోంచి మచ్చోడు రంకె వేశాడు. తెల్లోడు నా చేతిలో తాడు లాక్కుని పరుగెత్తాడు. మీ అక్క గడపలోకి వచ్చి, "తడిసినావే, తల తుడుచుకో" అంది. ఈ రెండు నెలల్లో ఆమె నా కోసమని అన్న మొదటి మాట అదే.

రేపు దుక్కికి ఏరు కడుతున్నాం.

జోడెద్దుల బావ,
రంగప్ప.

తా.క. మాడసామి మనిషిని పంపాడు. "నీ తావున వున్నప్పుడు గల్లుమనే వండి ఇప్పుడు మూగబోయె, ఏ సామాను పీకినావు?" అంటున్నాడు. నువ్వు రోకలి తీసుకుని సాత్తూరు వెళ్లి, విన్నది విన్నట్టు అతనికి చెప్పు.