కాలవ కట్ట మీద నీ కానుగ చెట్లు

అక్కా,

మనం ఒకరినొకరం చూసుకోలేదు. నువ్వు పోయిన రెండేళ్లకు ఆయన నన్ను చేసుకున్నారు. ఈరోజు నీ తద్దినం.

నరసరావుపేటలో ఆడవాళ్లు నడవాలంటే లారీలు తిరిగే రోడ్డే గతి అని, వార్డు ఆడవాళ్లను వెంటబెట్టుకుని మున్సిపాలిటీ చుట్టూ తిరిగి కాలవ కట్ట మీద నడకదారి వేయించావట. ఆ కానుగ చెట్లూ నువ్వు నాటించినవేనట. డాక్టర్ నడవమన్నాక ఆయన రోజూ అక్కడికే వెళుతున్నారు. షుగర్ బాగా తగ్గింది.

పొద్దున నీ తద్దినం వంట చేస్తూ, "నా జొన్న రొట్టెల వల్ల కాదా తగ్గింది?" అని అడిగాను.

"రొట్టెలదేముందే? ఆమె నాటిన చెట్ల చలవ ఇది" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. పోయినదానితో పోటీ ఏమిటని సిగ్గేసింది కానీ, మంట చల్లారలేదు.

సాయంత్రం నేనూ వెళ్లాను, నీ దారిలో ఏదైనా లోపం దొరుకుతుందేమోనని. నాతో వచ్చిన, మోకాళ్ల నొప్పులున్న పక్కింటి పిన్ని సగం దారిలోనే నేల మీద కూలబడింది.

"ఇంత దూరం నడిపిస్తే ఎట్టమ్మా? కూర్చోడానికి ఒక్క బల్లన్నా లేదేంది?" అంది.

అక్కా, నాకెంత సంతోషమేసిందో! రేపే ఆడవాళ్లందరితో మున్సిపాలిటీకి వెళుతున్నాను. చెట్లు నీవైతేనేం, బల్లలు నావి. అలిసిపోయిన రోజు ఆయన వాటి మీదే కూర్చోవాలి.