మొదటి వరుసలో చేపలు లేవు

అన్నా,

వర్లి సముద్రపొడ్డు రాళ్ల మీద గాలం వేస్తూ ఒకప్పుడు, మన ఇంటి ఆడపిల్లలకు చేపలు పట్టేంత ఓపిక లేదన్నావు. తప్పు. నువ్వు పోయి ఆరేళ్లయింది, ఇక ఎదురు చెప్పలేవు కాబట్టి ధైర్యంగా దిద్దుతున్నాను.

నీ దగ్గర గాలం వేయడం నేర్చిన నా మనవరాలు స్వాతి నాలుగు నెలలుగా ఒక ప్రయాణం సిద్ధం చేస్తోంది. ముగ్గురు స్నేహితురాళ్లతో అండమాన్ వెళ్లి, మనుషులుండని దీవుల దగ్గర ఒక రాత్రి పడవలోనే ఉండి, పెద్ద చేపలు పట్టి వదిలేస్తారట. కూరకు పనికిరాని చేప కోసం అంత దూరమా అన్నాను.

"ఇది ఆట నాయనమ్మా! ఆటల గెలిచినోళ్లు ఓడినోళ్లను కోసుకొని తింటరా?" అంది.

వాళ్ల నాన్న, అంటే నీ మేనల్లుడు, అడ్డం పడ్డాడు. "రాత్రంత సముద్రంల ఉంటరా? బిల్కుల్ వద్దు!"

ఈ ఇంట్లో చివరి మాట నాదేనని మా కామాఠిపురా చాల్‌లో అద్దెకుండే ఇళ్లన్నిటికీ తెలుసు. స్వాతి తన ప్రయాణం వివరాలు రాసుకున్న కాగితం తెచ్చి నా చేతికిచ్చింది. గాలి ఎంత పెరిగితే బయలుదేరకూడదో, ఏ గంటకు వెనక్కి తిరగాలో మొదటి వరుసలోనే రాసుకుంది. చేపల సంగతి ఆ తర్వాతే. మేస్త్రీగా నువ్వు పరంజా ఎక్కేముందు దిగే దారి చూసుకునేవాడివి, అచ్చం అలాగే. తప్పు వెతికాను, దొరకలేదు. నాకలా జరగడం అరుదు.

"పోనియ్యిరా, నీకన్న తెలివుంది దానికి," అన్నాను.

అక్కడ అమ్మకు నువ్వే చెప్పాలి. ముందు కూర్చోబెట్టు. పిల్లలంతా లైఫ్ జాకెట్లు వేసుకుంటారని మొదట చెప్పి, సముద్రం సంగతి తర్వాత చెప్పు. రాత్రి సంగతి మాత్రం ఎత్తకు.