నాయన కంబళికి చింతగింజల గంజి

1946 ఆగస్టు, బుధవారం. మదనపల్లె.

నాతోపాటు ఆస్పత్రిలో నర్సు పని చేసే రూతమ్మకు, వానలో కప్పుకోమని మా నాయన నేసిన కంబళి ఇచ్చింటి. గొర్రె వాసనొస్తాదని ఆయమ్మ దాన్ని వేన్నీళ్లలో సబ్బేసి ఉతికేసింది. ఈ పొద్దు తడిసి ముద్దయి వచ్చి, "మీ నాయన కంబళి కారతాండాది సూడమ్మా" అనింది.

నాకు ఒళ్లు మండింది. వాన నీళ్లు జారిపోయేది నాయన పూసిన చింతగింజల గంజి వల్లనే. దాన్నే ఉతికి పారేసింది!

పుంగనూరులో ఆ గంజి అమ్మ కాచేది, నాయన కుంచెతో పూసేవాడు. ఇద్దరూ లేరిప్పుడు. ఎంత చిక్కగా ఉండాలో నన్నెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అయినా సాయంత్రం నేనే కాచి పూసినా. సరిగ్గా చిక్కబడంగానే గరిటె తిప్పే చెయ్యి దానంతటదే ఆగింది.

రేపు వానొస్తే ఆ కంబళి రూతమ్మకియ్యను. ముందు నేనే కప్పుకొని బజారంతా తిరిగొస్తా.