రీనోలో పరంధామయ్య గారి తపస్సు

మిత్రుడు వాసుదేవరావుకు, పరంధామయ్య నమస్కారాలు.

క్షేమంగా చేరాను. పొద్దున మార్టినెజ్‌లో ఎక్కితే రైలు కొండలన్నీ దాటించి సాయంత్రానికి ఊరి నడిబొడ్డున దింపింది. ధ్యాన కేంద్రం స్టేషన్ నుంచి నాలుగు నిమిషాల నడక. ఏది కావాలన్నా నడిచి వెళ్ళొచ్చు. ఫోన్ ఇంట్లో వదిలి వచ్చాను కాబట్టి ఈ పదిహేను రోజులూ ఉత్తరాలే. లోపల ఎక్కడా గడియారం ఉండదు. ఒక్కొక్కరూ గంటల తరబడి కదలకుండా, రెప్ప వేయకుండా కూర్చుంటారు. అంత ఏకాగ్రత మన సత్సంగంలో ఏనాడూ చూడలేదు. అందరినీ, మా ఆవిడ చాముండేశ్వరినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
పరంధామయ్య

తా.క.: కవర్ మీద కేంద్రం పేరు అక్కర్లేదు. కింది వీధి అడ్రస్, రూమ్ 1412, రీనో అని రాస్తే చాలు.

*

పూజ్యులు పరంధామయ్య గారికి, వాసుదేవరావు వ్రాయునది. శాన్ రామన్‌లో అందరం కులాసా.

ఊరెళ్ళిన వాళ్ళ ఉత్తరాలు సత్సంగంలో చదివి వినిపించే మన పద్ధతి ప్రకారం, శనివారం మీ ఉత్తరం నిలబడి చదివాను. నలభై మందీ చప్పట్లు కొట్టారు. రెండేళ్ళ క్రితం మన సీనియర్లు రీనో కాసినోలకు బస్సు బుక్ చేస్తే, ధర్మరాజు జూదం గురించి గంటన్నర మాట్లాడి ఆపించింది మీరే. ఇప్పుడు ఆ కాసినోల మధ్యే కదలకుండా ధ్యానంలో కూర్చున్నారంటే అది ఎంత నిగ్రహమో విశ్వనాథం గారు అరగంట వివరించారు. మీరు రాగానే శాలువా కప్పాలని తీర్మానించాం. చాముండేశ్వరి గారు కళ్ళు తుడుచుకున్నారు. మీరక్కడ ఒంటిపూట భోజనంతో ఉంటారని ఊహించి, తనూ రాత్రి భోజనం మానేశారు.

మీ ఆశీస్సులు కోరే,
వాసుదేవరావు

తా.క.: ధ్యాన కేంద్రానికి పద్నాలుగు అంతస్తులా? భక్తులు బాగానే ఉన్నారన్నమాట.

*

వాసుదేవరావూ,

నీ ఉత్తరం బఫే లైన్‌లో నిలబడి చదివాను. చేతిలో ఉన్నది రెండో ప్లేటు. అక్కడే పెట్టేసి రూమ్‌కి వచ్చేశాను.

ఇది ధ్యాన కేంద్రం కాదు, కాసినో. ఆ కదలకుండా కూర్చునేవాళ్ళంతా డబ్బులేసి జూదమాడే స్లాట్ మెషిన్ల ముందు కూర్చునేవాళ్ళు. వారం రోజులుగా నేనూ వాళ్ళలో ఒకణ్ణి. ఆనాటి ఉపన్యాసం కోసం కాసినోల గురించి నెట్‌లో తెగ చదివాను. తిట్టడానికే చదివాను గానీ, అప్పటినుంచీ ఒక్కసారి చూడాలన్న కోరిక వదల్లేదు. అంత మాట్లాడిన నోటితో వెళ్తానని ఎలా చెప్పను? చాముండేశ్వరి నవ్వుతుందని ఆవిడకీ అబద్ధమే చెప్పాను. ఆవిడ అక్కడ పస్తుంటే నేనిక్కడ చీజ్‌కేక్ తింటున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. లిఫ్ట్ అద్దంలో నా ముఖం నేనే చూసుకోలేకపోతున్నాను.

ముందు ఏదో ఒకటి చెప్పి ఆవిడ చేత భోజనం చేయించు. మిగతాది నేను వచ్చి నా నోటితో చెప్పుకుంటాను.

ఇట్లు,
ముఖం చెల్లని పరంధామయ్య

తా.క.: ఇది నీ ఒక్కడికే. సత్సంగంలో చదవకు.

*

పరంధామయ్య గారికి, వాసుదేవరావు నమస్కారాలు. పైన ‘పూజ్యులు’ అని రాయాలో వద్దో తేలక వదిలేశాను.

మీ ఉత్తరం శనివారం అందింది. ఎప్పటిలాగే కవర్ సత్సంగంలోనే చింపి, పైకి చదవడం మొదలుపెట్టాను. తాజాకలం చివర్న ఉంటుంది కదండీ. రెండో ప్లేటు దగ్గరే ఆపేద్దామనుకున్నాను. చాముండేశ్వరి గారు చదవమన్నారు.

చదవడం అయ్యాక ఆవిడ లేచి, “ఆయన కాసినోకి వెళ్ళినందుకు నాకేం బాధ లేదు. ఆనాడు బస్సుకి మొదట పేరిచ్చింది నేనే. నన్ను వదిలేసి ఒక్కరే వెళ్ళారు, అదే బాధ,” అన్నారు.

ఆ తర్వాత ప్లేటు తెప్పించుకుని కడుపునిండా తిన్నారు. నిజంగా ఉపవాసం ఉన్నది ఆవిడే కాబట్టి శాలువా ఆవిడకే కప్పాం. ఈసారి విశ్వనాథం గారు ప్రసంగం ఒక్క నిమిషంలో ముగించారు.

ఆనాడు ఆగిన ప్రయాణం ఇప్పుడు రైల్లో పెట్టుకున్నాం. పందొమ్మిది మందిమి సోమవారం బయల్దేరుతున్నాం. నాయకత్వం ఆవిడదే. మీరు కనిపిస్తే ఎవరో తెలియనట్టు వెళ్ళిపోవాలని తీర్మానం కూడా అయింది. ప్రతిపాదించింది చాముండేశ్వరి గారు. బలపరచింది, క్షమించాలి, నేను.

ఇట్లు,
వాసుదేవరావు

తా.క.: ఈ ఉత్తరం పోస్ట్ చేయడం లేదు. మీకిమ్మని మీ హోటల్ రిసెప్షన్ వాళ్ళకి ఆవిడే ఇస్తారు. మీరు చదువుతుంటే చూడాలని ఎదురుగా సోఫాలో కూర్చుంటారట. కంగారుపడి తలెత్తకండి.