సముద్రం దగ్గర ఫోటో

దుబాయ్, ఆదివారం రాత్రి

నా కొడుకు మల్లేశం శవం ఇంకా ఇక్కడి ఆసుపత్రిలోనే ఉంది. కోరుట్లలో కోడలికి నెలలు నిండాయి, అందుకని చెప్పలేదు. వాడు పిలిస్తే నేను దుబాయ్ చూడడానికి వచ్చాననుకుంటోంది.

వాడి గదిలో ఉండే రాజం, అంజయ్య నన్ను పొద్దంతా తిప్పారు. కోడలికి పంపడానికని సముద్రం దగ్గర నిలబెట్టి ఫోటోలు తీశారు. నాకు ఫోటోలంటేనే సిగ్గు.

"బాపూ, జర నవ్వుండ్రి. లేకుంటె చెల్లెకు అనుమానమొస్తది," అన్నాడు రాజం.

నవ్వాను. ఫోటోలు పంపగానే కోడలు ఫోన్ చేసింది.

"మామా, అన్నిట్ల మీరొక్కరే ఉన్నరు. ఆయనేడి?"

"తీసింది వాడే బిడ్డా," అన్నాను.

"గట్లనా! ఆయన తీస్తే ఎప్పుడు తలకాయ కట్ అయితుండె. గిప్పుడు మంచిగ నేర్చుకున్నడు," అని నవ్వింది.

రేపు వాడితో మాట్లాడించమంది. సరే అన్నాను...