చీర వెనకవైపు

మంగళవారం.

వైరల్ జ్వరం మెదడుకెక్కి అక్కడి నరాలను దెబ్బతీసినప్పటి నుంచి మా ఆయనకు మాటలు తొందరగా దొరకడం లేదు.

ఈరోజు దిల్‌సుఖ్‌నగర్‌లోని మా షాపులో పోచంపల్లి చీరల కొత్త మూట విప్పాం. మరిది సర్దుతుంటే ఆయన ఒక చీర లాక్కుని తిరగేశారు.

"వదినా, అన్నను జర కూసోబెట్టు, అంతా ఆగం జేస్తుండు."

"గిది... గిది మనది కాదు," అన్నారాయన.

పోచంపల్లి నేతలో నూలుకే ముందు రంగు అద్దుతారు కాబట్టి రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది. ఆ చీర వెనకవైపు వెలవెలబోతోంది. అది అచ్చు వేసిన చీర! నేనూ మరిదీ గమనించనేలేదు.

ఇంటికొచ్చాక నన్ను మా అమ్మాయి పేరుతో పిలిచారు. అయినా పలికాను. పేర్లు మెల్లగా వస్తాయి.

ఆయన జబ్బుపడ్డప్పటి నుంచి నా బ్యాగులోనే ఉన్న షాపు తాళంచెవులు ఇందాకే ఆయన చొక్కా జేబులో వేశాను.